స్కోరు పెరిగింది

దోహా, ఇండస్ట్రియల్ ఏరియా.
టైర్ల షాపు మీద క్లినిక్కు.
ఏసీ కారే చోట బకెట్టు, నా చేతిలో తొమ్మిది ప్రశ్నల కాగితం.
"గత రెండు వారాల్లో కుంగుబాటుకు లోనయ్యారా?"
ఎవరో డిక్షనరీ పక్కన పెట్టుకుని చేసిన తెలుగు.

గంగనర్సయ్య చెప్పులు బయట విడిచి వచ్చాడు,
ఎవరూ విడవమనలేదు.
"కుంగుడా? కుంగలే మేడం.
స్కఫోల్డింగు కుంగితె పదిమంది పోతరు.
నేను కట్టింది ఇప్పటిదాక కుంగలే."
సున్నా వేశాను.

నిద్ర?
"మంచం ఇద్దరిది. నేను లేస్తె బర్కత్ పంటడు.
నిద్ర నాదా, మంచానిదా? ఏమని రాస్తవ్?"
'కొన్ని రోజులు' దగ్గర టిక్కు.
ఆకలి?
"మెస్సుల పప్పు చూసినంక ఎవనికైతది!"
నవ్వాడు. నేనూ నవ్వి ఒకటి వేశాను.
నీరసం అడగడానికి నాకే సిగ్గేసింది,
బయట నలభై ఎనిమిది డిగ్రీలు.

తొమ్మిదోది: చచ్చిపోతే బాగుండునని...
గోడమీది క్యాలెండర్ కేసి చూశాడు.
"ఈ కాయితం క్యాంపు బాసు చూస్తడా?"
చూడడన్నాను.
"అయితె లేదు."
ఆ 'అయితె' రాయడానికి కాగితంలో గడి లేదు.

మొత్తం ఆరు. ఆరంటే తేలిక.
ఆరు వారాలకు మళ్లీ రమ్మంది డాక్టర్ లుల్వా.
అతను చెప్పులు తొడుక్కుంటూ
నాతో కాదు, చెప్పులతో అన్నాడు:
"రంది తప్ప మనకేమున్నదే."

నాది రాయచోటి. మాకు దిగులుంది, యేదన ఉంది.
రంది లేదు.
ఆ రాత్రి హాస్టల్లో పాత్రలు తోమే కోరుట్ల ముత్తక్కనడిగాను.
"కడుపుల ఎవలో బట్ట పిండుతుంటరు సూడు,
ఎంత పిండినా సుక్క నీళ్లు కారవు. గది."

మాట మార్చమని కమిటీకి రాశాను.
తిరిగి ఇంగ్లీషులోకి చేయించి చూస్తామని
ముగ్గురికిచ్చారు.
ఒకరు చింత అన్నారు. ఒకరు దుఃఖమన్నారు.
మూడో ఆయన, సిరిసిల్ల మనిషట, అప్పు అని రాశాడు.
ఏది సరైందని డాక్టర్ లుల్వా అడిగింది.
మూడూ ఒకే సంచిలో వేసి మోస్తే అది, అన్నాను.
ఆమె కాసేపు ఊరకుండి
అరబ్బీలో తనలో తను అనుకుంది: "హమ్.
మా నాయనమ్మకుండేది."

ఆరు వారాలకు కొత్త కాగితం.
రెండో ప్రశ్న మీద వేలు పెట్టి
ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు.
"గిది మనోళ్లు రాసిన్రా?"
వేలు అక్కడే ఉంది.
కింద టైర్లకు గాలి పట్టే చప్పుడు.
తర్వాత చెప్పాడు.
మునిగిన చిట్టీ, అన్న కోసం సంతకం పెట్టిన నోటు,
ఐదో అంతస్తులో బెల్టు కొక్కెం తగిలించకుండా
నిలబడ్డ సాయంత్రం.
"కింద ఇసుక మెత్తగనే అవుపడ్డదే మేడం."
దాదాపు ప్రతిరోజూ.
దాదాపు ప్రతిరోజూ.
తొమ్మిదో దగ్గర నా పెన్ను ఆగితే
కాగితం తనవైపు తిప్పుకుని తనే టిక్కు పెట్టాడు.
అది గడిలో పట్టలేదు, గీత దాటింది.

పదిహేడు.
రిపోర్టులో అందరి గీతలూ కిందికి దిగాయి,
అతనిదొక్కటే పైకెక్కింది.
లెక్కలు చూసే పెద్దమనిషి కళ్లజోడు తీసి అడిగాడు,
వైద్యం పని చేయలేదా? ఈ కేసు పక్కన పెడదామా?
డాక్టర్ లుల్వా నా వంక చూసింది.
పెట్టొద్దు సార్ అన్నాను.
ఆ మొదటి ఆరు అతని స్కోరు కాదు,
నా తెలుగు స్కోరు.

ఇప్పుడు మంగళవారాలు వస్తున్నాడు. చెప్పులు బయటే.
రాత్రికొక మాత్ర.
కారణం రాయకుండా, నేల మీద పని ఇమ్మని
డాక్టరిచ్చిన చీటీ క్యాంపు బాసు ఇంకా విప్పలేదు.
నిన్న మాత్రం ఒక్కడే రాలేదు.
వెనకాల బర్కత్, నిద్ర కళ్లతో,
అతనూ చెప్పులు విడిచాడు.
"వీనిగ్గూడ ఉన్నది మేడం.
బంగ్లాల దాన్నేమంటరో
నాకెరుక లేదు. అడుగు."